డిస్క్ కొన్నా, గేమ్ రాలేదు

గోదారి_గేమర్
సంక్రాంతికి ఊరెళ్తూ టీవీకి తగిలించి గేములాడే నా పీఎస్5 కన్సోల్ కూడా సర్దుకున్నా. అమలాపురం దగ్గర మా ఊరు. ఇంట్లో వైఫై లేదు. నాన్న ఫోన్లో రోజుకు 1.5 జీబీ వస్తుంది, అదే అందరికీ దిక్కు. అయినా నాకేం టెన్షన్ లేదు, ఎందుకంటే కొత్త గేమ్ డిస్క్ కొన్నాను కదా. పండక్కి అందరి ముందూ తెరుద్దామని సీల్ కూడా విప్పలేదు.

భోగి మంట దగ్గర్నుంచి పిన్ని కొడుకులిద్దరూ, మేనల్లుడూ నేరుగా టీవీ ముందుకొచ్చి కూర్చున్నారు. సీల్ ఎవరు చింపాలని వంతులు. డిస్క్ పెట్టా. గిర్రున తిరిగింది. నిమిషం తిరక్కుండా ఇన్‌స్టాల్ అయిపోయింది. ఎంత స్పీడో అని నేనే మురిసిపోయా. తర్వాత తెర మీద తాపీగా వచ్చింది: మిగతా గేమ్ డౌన్‌లోడ్ చేసుకోవాలట. 80 జీబీ.

మా మేనల్లుడు ఏడో తరగతి. వెంటనే లెక్క కట్టేశాడు. "రోజుకు ఒకటిన్నర అంటే 54 రోజులు మావయ్యా. శివరాత్రి దాటిపోతుంది. ఉగాదికి ఆడొచ్చు."

డబ్బా వెనక్కి తిప్పి ఫోన్ లైటు వేసి చూస్తే, అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది, ఇంటర్నెట్ తప్పనిసరి అని. దాదాపు అయిదు వేలు పోసి నేను కొన్నదేమిటి? తాళంచెవా? అంతే అయితే డబ్బా మీద తాళంచెవి బొమ్మ వెయ్యొచ్చుగా. గేమ్ పేరు అడక్కండి, ఇప్పుడు చాలా గేములు ఇలాగే ఉన్నాయి.

అమ్మో_అప్‌డేట్
"ఎంత స్పీడో అని మురిసిపోయా" దగ్గర నేను కుర్చీలోంచి పడ్డా.

జీతం_1వ_తారీఖు
పండక్కి కొత్త గేమ్ కొన్న నువ్వు ధనవంతుడివి అన్నా. నేను ఇంకా 2022 గేములు సేల్లో ఏరుకుంటున్నా. ఆలస్యంగా ఆడేవాడికి ప్యాచ్‌లన్నీ, అంటే తప్పులు దిద్దే అప్‌డేట్‌లన్నీ, వచ్చి కూర్చుంటాయి.

పాత_క్యాసెట్
నాకు చిన్నప్పుడు టీవీకి తగిలించే పసుపు రంగు క్యాసెట్లే తెలుసు. ఆడకపోతే నోటితో ఊది మళ్లీ పెట్టేవాళ్లం. ఊదితే బాగవుతుందని గట్టి నమ్మకం. నిజానికి నోటి తడికి ఆ కాంటాక్టులు ఇంకా పాడవుతాయట. 99999 గేములని రాసుండేది, లోపల అయిదో ఆరో ఉండేవి. అప్పుడూ మోసమే, కానీ ఆ అయిదూ మాత్రం నిజంగా లోపలే ఉండేవి.

నల్లడబ్బా
ఈ డిస్క్ ఏడుపు ఏటా వింటున్నా. నాది ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్, దానికి డిస్క్ పెట్టే సందే లేదు. నాలుగేళ్లుగా ఒక్క డబ్బా కొనలేదు. అర్ధరాత్రి 12కి గేమ్ వస్తే 12కి ఆడతా. నెట్ లేని ఊరికి కన్సోల్ మోసుకెళ్లింది నువ్వు, తిట్టేది కంపెనీనా? బయల్దేరే ముందు ఒకసారి సిటీలో పెట్టి చూసుకోవాల్సింది.

గోదారి_గేమర్
@నల్లడబ్బా బియ్యం బస్తా కొన్నప్పుడు లోపల బియ్యం ఉన్నాయో లేదో షాపులోనే వండి చూసుకుంటావా?

అమ్మో_అప్‌డేట్
సెబాసు. సిక్స్.

వివరాల_వీరయ్య
కాస్త పొడుగు పోస్ట్. ఓపిక ఉన్నవాళ్లే చదవండి.

ఇది కొత్త రోగం కాదు. 2022లో వచ్చిన కాల్ ఆఫ్ డ్యూటీ మోడర్న్ వార్‌ఫేర్ 2 పీఎస్5 డిస్క్‌లో ఉన్నది 70 ఎంబీ చిల్లర. జీబీ కాదు, ఎంబీ. వాట్సాప్‌లో పెళ్లి వీడియో అంతకంటే పెద్దది. 2025 మేలో డూమ్: ద డార్క్ ఏజెస్ వస్తే దాని డిస్క్‌లో 85 ఎంబీ ఉందని తేలింది. పీఎస్5 డిస్క్‌లో 100 జీబీ దాకా పడుతుంది. అంటే చోటు లేక కాదు, పెట్టలేదు.

ఎందుకు పెట్టలేదంటే రెండు కారణాలు. రిలీజ్‌కి కొన్ని వారాల ముందే డిస్కులు అచ్చుకి వెళ్లాలి, అప్పటికి గేమ్ పూర్తి కాదు. మిగిలిన పనంతా మొదటి రోజు ప్యాచ్‌లోకి నెట్టేస్తారు. రెండోది ఖర్చు. 50 జీబీ డిస్క్ కంటే 100 జీబీది ఖరీదు, రెండు డిస్కులంటే ఇంకా ఖరీదు.

పెట్టాలనుకుంటే పెట్టొచ్చని చెప్పడానికి ఫైనల్ ఫ్యాంటసీ 7 రీబర్త్ చాలు. 2024 ఫిబ్రవరిలో రెండు డిస్కుల్లో వచ్చింది. ఒకటి ఇన్‌స్టాల్‌కి, రెండోది ఆడటానికి. తమాషా ఏంటంటే జపాన్, ఆసియా కాపీల్లో ఆ రెండు డిస్కుల మీద పేర్లు తారుమారుగా అచ్చయ్యాయి. ఆడే డిస్క్ అని రాసున్నది ఇన్‌స్టాల్ డిస్క్. కంపెనీ వాళ్లే క్షమించమని చెప్పుకున్నారు.

అలాన్ వేక్ 2 అయితే 2023 అక్టోబర్‌లో డిస్క్ లేకుండానే వచ్చింది. ధర తక్కువ పెట్టడం ఒక కారణమన్నారు. జనం అడిగి అడిగి, దాదాపు ఏడాదికి 2024 అక్టోబర్‌లో డిస్క్ తెప్పించుకున్నారు. అడిగితే వస్తుందన్నమాట.

సందేహాల_రాణి
@వివరాల_వీరయ్య నింటెండో కన్సోల్ స్విచ్ 2 సంగతి కూడా చెప్పండి. మా అన్నయ్య సింగపూర్ నుంచి తెచ్చాడు. మన దగ్గర నింటెండో అధికారికంగా అమ్మదు కదా, గేములు కూడా బయట్నుంచే రావాలి. వాడు తెచ్చిన మూడు డబ్బాల్లో రెండింటి మీద అడుగున తాళంచెవి గుర్తుంది. గోదారి గారు అడిగిన తాళంచెవి బొమ్మ వాళ్లు నిజంగానే వేశారు!

గోదారి_గేమర్
వేశారా! సరే, ఆ మాత్రం నిజాయితీ ఉంది.

వివరాల_వీరయ్య
@సందేహాల_రాణి అవే గేమ్ కీ కార్డులు. కార్డులో గేమ్ ఉండదు, డౌన్‌లోడ్‌కి అనుమతి మాత్రమే ఉంటుంది. ఒకసారి దించుకున్నాక నెట్ లేకుండా ఆడొచ్చు, కానీ కార్డు పెట్టే ఉంచాలి. మంచి మాట ఒకటుంది: ఆ కార్డు అమ్ముకోవచ్చు, అరువివ్వచ్చు. ఒకరి అకౌంట్‌కి కట్టేసి ఉండదు.

సైబర్‌పంక్ 2077 వాళ్లు మాత్రం అదే స్విచ్ 2కి 64 జీబీ కార్డులో మొత్తం గేమ్ పెట్టి ఇచ్చారు. అంత బరువైన గేమే పట్టినప్పుడు చిన్న గేములకి ఏం రోగం అని అందరూ అడిగారు. జపాన్ జాతీయ గ్రంథాలయం వాళ్లు పుస్తకాల్లాగే గేములు కూడా భద్రపరుస్తారు. లోపల గేమే లేదు కాబట్టి ఈ కీ కార్డులు తమకు పనికిరావని 2025లో చెప్పారు.

నల్లడబ్బా
గ్రంథాలయంలో పెట్టడానికా మనం గేములు కొనేది? ఆడి పక్కన పెట్టేస్తాం. నీ షెల్ఫ్‌లో ఉన్న డబ్బాల్లో గత ఏడాది ఎన్ని తెరిచావో నిజం చెప్పు.

వివరాల_వీరయ్య
నాలుగు.

నల్లడబ్బా
మొత్తం ఎన్ని?

వివరాల_వీరయ్య
ఆ లెక్క ఇంట్లో కూడా చెప్పలేదు, ఇక్కడ చెప్తానా.

బీచ్‌రోడ్డు
నాకు సొంతం, పరాయి అనే వేదాంతం ఏమీ లేదు గురూ. లెక్క ఒకటే. మొన్నామధ్య ఒక గేమ్ 4,999కి కొన్నా. మూడు వారాల్లో అయిపోయింది. వైజాగ్‌లోనే ఒక ఇంజినీరింగ్ కుర్రాడు వాళ్ల హాస్టల్ నుంచి వచ్చి 3,600కి తీసుకెళ్లాడు. అంటే నాకు పడింది 1,399. ఆ కుర్రాడు ఆడేసి ఇంకెవరికో 2,800కి ఇచ్చాడట. ఒకే డిస్క్ మీద ముగ్గురం బతికాం. డౌన్‌లోడ్‌లో కొంటే 4,999కి 4,999 పోయినట్టే, అయిపోయాక దాన్ని ఏం చేసుకోను?

పైగా వాడు డబ్బా తెరిచి, డిస్క్‌ని ట్యూబ్‌లైట్ కింద అటూ ఇటూ తిప్పి గీతలు చూశాడు. గోళ్లు తగలకుండా అంచులు పట్టుకుని. మా నాన్న పాత రోజుల్లో ఎద్దు పళ్లు చూసినట్టు చూశాడు. ముచ్చటేసింది.

జీతం_1వ_తారీఖు
ఆ ముగ్గురిలో మూడోవాణ్ని ఎప్పుడూ నేనే.

డల్లాస్_బావ
ఇక్కడ ఒక మాట. అమెరికాలో సబ్‌స్క్రిప్షన్ చవకని డిస్కులన్నీ అమ్మేసినవాళ్లలో నేనొకణ్ని. ఎక్స్‌బాక్స్ వాళ్ల గేమ్ పాస్ అల్టిమేట్ నెలకు 19.99 డాలర్లు ఉండేది. 2025 అక్టోబర్‌లో ఒక్క దెబ్బతో 29.99 చేశారు. ఇల్లు అమ్ముకుని అద్దెకి దిగినోడికి అద్దె పెంచితే ఎలా ఉంటుందో అలా ఉంది నా పని.

ఇంకోటి, ఇక్కడి నుంచి డిస్కులు తీసుకెళ్లేవాళ్లకి. పీఎస్4, పీఎస్5 డిస్కులకి రీజియన్ లాక్ లేదు, ఎక్కడ కొన్నా ఎక్కడైనా ఆడతాయి. కానీ అదనపు భాగాలు, అంటే డీఎల్‌సీలు, డిస్క్ ఏ రీజియన్‌దో ఆ రీజియన్ స్టోర్‌లోనే కొనాలి. ఇది తెలీక మా బావమరిదికి ఇక్కడి డిస్క్ పట్టుకెళ్లి ఇచ్చా. వాడు హైదరాబాద్‌లో తన ఇండియా అకౌంట్‌లో డీఎల్‌సీ కొన్నాడు. రెండూ ఒకదాన్నొకటి గుర్తుపట్టలేదు. ఇప్పటికీ పెళ్లిళ్లలో కనపడితే ఆ డబ్బులు అడుగుతాడు.

అమ్మో_అప్‌డేట్
బావ డల్లాస్‌లో, బావమరిది హైదరాబాద్‌లో ఉంటే డిస్కుకీ డీఎల్‌సీకీ ఎలా కుదురుతుంది.

నల్లడబ్బా
సరే, నా మాట కూడా వినండి. డిస్క్ ఉంటే గేమ్ మీదే అనే భ్రమలో ఉన్నారు. సోనీ ఆన్‌లైన్ గేమ్ కాంకార్డ్ గుర్తుందా? 2024 ఆగస్టు 23న వచ్చింది, సెప్టెంబర్ 6న సర్వర్లు కట్టేశారు. 14 రోజులు. డిస్కులు కూడా అమ్మారు దానికి. డబ్బులు వాపసిచ్చారు, బాగుంది. ఆ డిస్క్ దాచుకున్నవాడు ఇప్పుడు దాని మీద టీ గ్లాసు పెట్టుకోవాల్సిందే.

ద క్రూ సంగతి ఇంకా ఘోరం. 2014 నాటి ఆన్‌లైన్ కార్ రేసింగ్ గేమ్. 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు, ఆ తర్వాత, అప్పటికే కొన్నవాళ్ల లైసెన్సులు కూడా లాగేసుకున్నారు. దానికీ డిస్క్ ఉంది. ఏం చేసింది ఆ డిస్క్?

బీచ్‌రోడ్డు
ఇది మాత్రం ఒప్పుకోవాలి. ఆన్‌లైన్ గేమ్‌కి డిస్క్ ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే. నేనవి కొనను.

వివరాల_వీరయ్య
@నల్లడబ్బా నువ్వు చెప్పిన ద క్రూ వల్లే కదా స్టాప్ కిల్లింగ్ గేమ్స్ ఉద్యమం పుట్టింది. యూరప్‌లో 10 లక్షలకు పైగా సంతకాలయ్యాయి. వాళ్లు అడిగేది సర్వర్లు కలకాలం నడపమని కాదు, మూసేటప్పుడు కొన్నవాళ్లు ఏదోలా ఆడుకునే దారి వదిలి వెళ్లమని. కాలిఫోర్నియాలో చట్టమే వచ్చింది, 2025 జనవరి నుంచి అమల్లో ఉంది. డిజిటల్ సరుకు అమ్మేవాడు ఇది లైసెన్స్ మాత్రమే అని కొనేవాడికి స్పష్టంగా చెప్పాలి. నీ వాదన నాకు అనుకూలంగానే పనిచేస్తోంది.

నల్లడబ్బా
నేను చెప్పిందీ అదేగా! డిస్కూ లైసెన్సే, డౌన్‌లోడూ లైసెన్సే. మరి డబ్బాకి దండం ఎందుకు?

సిద్ధు_సీతాఫల్‌మండి
నాది వినండి, తర్వాత చెప్పండి రెండూ ఒకటేనో కాదో.

కంపెనీ పేరు చెప్పను. ఏడేళ్ల అకౌంట్. 11 గేములు, అన్నీ డౌన్‌లోడ్‌లో కొన్నవి. ఫోన్ నంబర్ మార్చా, పాత నంబర్ ఆ అకౌంట్‌కి లింకై ఉందని మర్చిపోయా. కన్సోల్ రీసెట్ చేశాక లాగిన్ అవుదామంటే ఓటీపీ పాత నంబర్‌కి పోతోంది. ఆ నంబర్ ఇప్పుడు కరీంనగర్‌లో ఎవరో ఆంటీది. ఫోన్ చేసి అడిగితే "ఓటీపీ చెప్పొద్దని బ్యాంకోళ్లు చెప్పిన్రు బాబూ" అన్నది. ఆమె తప్పు లేదు, కరెక్టే.

సపోర్ట్ చాట్‌కి పోయిన. మీరు మొదట వాడిన కన్సోల్ సీరియల్ నంబర్ చెప్పండి అన్నరు. అది 2019లోనే అమ్మేసిన. బిల్లు ఉందా అన్నరు. లేదు. మూడు రోజులు, నలుగురు మనుషులు, ప్రతిసారీ కథ మొదటి నుంచి. చివరికి సారీ అన్నరు.

మా ఇంట్లో షెల్ఫ్‌లో రెండు డిస్కులు ఉన్నయి. కొత్త అకౌంట్ చేసి, డిస్క్ పెట్టిన. ఎవరు నువ్వు అని అడగలేదు. ఆడింది. సేవ్‌లు పోయినయి, అది వేరే బాధ.

గోదారి_గేమర్
"ఎవరు నువ్వు అని అడగలేదు." అంతే అన్నా. నేను మొదటి పోస్టులో చెప్పలేకపోయింది అదే.

నల్లడబ్బా
11 గేములా. బాధగా ఉంది సిద్ధూ. ఇప్పుడే వెళ్లి నా అకౌంట్ రికవరీ కోడ్‌లు కాగితం మీద రాసుకున్నా, నిజంగా.

సందేహాల_రాణి
కాగితం మీద అంటే అది కూడా ఫిజికల్ కాపీయేగా.

నల్లడబ్బా
దొరికిపోయా.

జీతం_1వ_తారీఖు
మా ఆవిడ ఒకసారి అడిగింది, నువ్వు పోతే ఈ స్టీమ్ స్టోర్‌లో కొన్న పీసీ గేములన్నీ ఎవరికి అని. వెతికితే తేలిందేమిటంటే స్టీమ్ అకౌంట్ వీలునామాలో రాసినా బదిలీ కాదట, వాళ్ల సపోర్ట్ వాళ్లే 2024లో ఒకరికి చెప్పారు. బంగారం కొనుంటే పిల్లలకైనా ఉండేది అంది. తిరిగి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

పాత_క్యాసెట్
వీలునామా మాట వచ్చింది కాబట్టి. నింటెండో పాత కన్సోళ్లు 3డీఎస్, వీ యూల ఆన్‌లైన్ స్టోర్లు 2023 మార్చి 27న మూసేశారు. ఎక్స్‌బాక్స్ 360 స్టోర్ 2024 జూలైలో. కొన్నవి మళ్లీ దించుకోవచ్చు గానీ, కొత్తగా కొనే దారి లేదు. డిస్కో కార్ట్రిడ్జో ఉన్న గేములు ఇంకా చేతులు మారుతున్నాయి, డౌన్‌లోడ్‌లో మాత్రమే వచ్చినవి అక్కడితో సరి. పీఎస్3, వీటా స్టోర్లు కూడా 2021లో మూసేస్తామన్నారు. జనం గోల పెడితే సోనీ వెనక్కి తగ్గింది.

డిస్కులేమీ అమృతం తాగలేదు, అదీ చెప్పాలి. పాత సీడీ ఒకటి మా అటక మీద పెట్టెలో దొరికింది. మొహం అద్దంలా ఉండాల్సింది, మధ్యలో చెదలు తిన్నట్టు చుక్కలు పడ్డాయి. మన తేమకి ఏదీ ఆగదు.

డల్లాస్_బావ
కొత్త పీఎస్5 స్లిమ్‌కి విడిగా తగిలించే డిస్క్ డ్రైవ్ ఉంది కదా, దాన్ని మొదటిసారి తగిలించినప్పుడు జత చెయ్యడానికి కూడా నెట్ కావాలి. ఇరవయ్యేళ్ల తర్వాత డ్రైవ్ పోయి వేరేది తగిలిస్తే, అటువైపు ఫోన్ ఎత్తేవాడు ఉంటాడా అని నా అనుమానం.

పీఎస్5 ప్రో అయితే 2024లో వచ్చినప్పుడు డ్రైవ్ లేకుండానే అమ్మారు, 699.99 డాలర్లకి. అది కొన్న నా ఫ్రెండ్ పాత డిస్కుల కోసం డ్రైవ్ వేరే కొన్నాడు. పెట్టె కొన్నాక మూత విడిగా కొన్నట్టుంది.

మోడరేటర్
పైన ఇద్దరు కాపీ గేముల లింకులు పెట్టారు, తీసేశాను. మళ్లీ పెడితే మిమ్మల్నీ తీసేస్తాను. చర్చ బాగుంది, కొనసాగించండి.

సందేహాల_రాణి
అసలు కొనేముందు డిస్క్‌లో మొత్తం గేమ్ ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి? ఎవరూ అది చెప్పట్లేదు.

వివరాల_వీరయ్య
డజ్ ఇట్ ప్లే అని ఒక బృందం ఉంది. డిస్కులు తెచ్చి, నెట్ తీసేసి, ప్యాచ్ లేకుండా ఆడి చూసి రాస్తారు. రిలీజ్ రోజు కాకుండా వారం ఆగితే చాలా వాటికి సమాధానం దొరుకుతుంది. ఉదాహరణకి ఆస్ట్రో బాట్ డిస్క్‌లోనే పూర్తిగా ఉంది. ప్రీ ఆర్డర్ చేసేవాళ్లకి మాత్రం దేవుడే దిక్కు.

గోదారి_గేమర్
నేను ప్రీ ఆర్డర్ బాపతే.

అమ్మో_అప్‌డేట్
అది చెప్పకుండా బియ్యం బస్తా అన్నావు. వండకముందే, పండకముందే డబ్బు కట్టినోడివి.

గోదారి_గేమర్
ఒప్పుకుంటున్నా. ఇంతకీ పిల్లలు ఏం ఆడారో ఎవరూ అడగలేదు. పీఎస్5తోనే వచ్చే ఆస్ట్రోస్ ప్లేరూమ్ ఉంది కదా, ఫ్రీది. అదే. మూడు రోజుల్నుంచి అదే. కంట్రోలర్‌లోకి గాలి ఊదితే బొమ్మ ఫ్యాన్ తిరుగుతుంది. మా అమ్మ కూడా వచ్చి ఒకసారి ఊదింది.

పాత_క్యాసెట్
చూశారా, ఊదితేనే ఆడుతుంది!

బీచ్‌రోడ్డు
@గోదారి_గేమర్ ఎన్నాళ్లుంటావు ఊళ్లో? నా దగ్గర ఆస్ట్రో బాట్ డిస్క్ ఉంది. వీరయ్య గారు చెప్పినట్టు మొత్తం గేమ్ అందులోనే. రేపు పొద్దున్నే కాంప్లెక్స్‌లో ఆర్టీసీ కార్గోలో వేస్తా, అమలాపురం బస్టాండ్‌లో తీసుకో. ఆడాక అదే దారిలో పంపెయ్. చార్జీ నాది. డౌన్‌లోడ్ గేమ్‌ని బస్సెక్కించమనండి చూద్దాం నల్లడబ్బా గారిని.

నల్లడబ్బా
బస్సు కంటే నా గేమ్ ముందొస్తుంది.

గోదారి_గేమర్
మా ఊళ్లో కాదు. ఇక్కడ బస్సే ఫాస్ట్. @బీచ్‌రోడ్డు ఆదివారం దాకా ఉంటా. నంబర్ మెసేజ్ చేశా. నిజంగా థ్యాంక్స్ అన్నా, పిల్లలకి చెప్తే ఇల్లు ఎగిరిపోయింది.

వివరాల_వీరయ్య
డిస్క్ గీతలు పడకుండా డబ్బా చుట్టూ న్యూస్‌పేపర్ చుట్టండి. లోపల డిస్క్ ఊడి తిరగకుండా చూసుకోండి.

బీచ్‌రోడ్డు
చుట్టా, టేప్ వేశా, మీద "సున్నితం" అని కూడా రాశా. పార్శిల్ వెళ్లింది.

గోదారి_గేమర్
పార్శిల్ అందింది. బండి మీద మేనల్లుడు వెనక కూర్చుని డబ్బాని గుండెలకి హత్తుకుని తెచ్చాడు. మళ్లీ ముగ్గురూ టీవీ ముందు. మళ్లీ వంతులు. తెరిచాం.

@బీచ్‌రోడ్డు అన్నా, డబ్బా ఆస్ట్రో బాట్‌దే. లోపల క్రికెట్ గేమ్ డిస్క్ ఉంది.

అమ్మో_అప్‌డేట్
నేను మళ్లీ కుర్చీలోంచి పడ్డా. ఈసారి దెబ్బ తగిలింది.

బీచ్‌రోడ్డు
అయ్యయ్యో. పంపేముందు చివరి లెవెల్ ఒక్కసారి ఆడదామని రాత్రి పెట్టా. ఆస్ట్రో నా మెషీన్లోనే ఉంది. తీసిన క్రికెట్ డిస్క్ ఆ ఖాళీ డబ్బాలో పెట్టినట్టున్నా. నన్ను క్షమించండి పిల్లలూ.

నల్లడబ్బా
నేనేం అనట్లేదు. అస్సలు ఏమీ అనట్లేదు.

గోదారి_గేమర్
ఫర్వాలేదన్నా, క్రికెట్ పెట్టాం. 20 నిమిషాలు ఇన్‌స్టాల్ అయింది, ఏమీ అడక్కుండా మొదలైంది. ప్యాచ్ లేదు కాబట్టి ఆటగాళ్లందరి మొహాలూ ఒకేలా ఉన్నాయి, బౌలర్‌కీ అంపైర్‌కీ తేడా తెలీట్లేదు. మా తమ్ముళ్లు నాన్నని కూడా కూర్చోబెట్టి ఇరవై ఓవర్ల మ్యాచ్ పెట్టారు. మేనల్లుడు మాత్రం ఒక మాట చెప్పమన్నాడు: "ఆ అంకుల్‌ని ఆస్ట్రో రేపు పంపమను మావయ్యా. ఈసారి మూత తీసి ఫోటో పెట్టాక టేప్ వెయ్యమను."